డైరీలో రాయని మాత్ర

"అంకుల్, వాపు తగ్గించే మాత్ర ఒక్కటైనా వేసుకున్నారా?"

కొత్త చికిత్సను పరీక్షించే ట్రయల్‌లో నర్సు షీనా మూడోసారి అడిగింది. ఆదాము తల అడ్డంగా ఊపాడు. పక్కన కూర్చున్న అతని భార్య రాహేలమ్మ హ్యాండ్‌బ్యాగ్ పట్టీని గట్టిగా పట్టుకుంది.

న్యూజిలాండ్‌లోని టౌరంగా క్లినిక్‌లో తెర మీద స్కాన్ కనబడుతోంది. కివీ తోటలో కాలు జారి సగం తెగిన మడమ వెనక టెండన్, కండరాన్ని ఎముకకు కట్టే తాడు. ఆదాము పొట్ట కొవ్వులోంచి తీసిన మూలకణాలను అందులోకి ఎక్కించి పన్నెండు వారాలైంది. చీలిక అలాగే ఉంది.

"వాపు మాత్రలైతే ఆ కణాల పనిని ఆపేస్తాయి. డైరీలో పారాసెటమాల్ ఒక్కటే రాశారు. రూల్స్ పాటించారు కాబట్టి రెండో ఇంజెక్షన్ ఇస్తాం," అంది షీనా. "మీకు పనిచేయలేదంటే డోసు చాలలేదని, తర్వాతవాళ్లకి రెట్టింపు చేస్తారు. బయట కూర్చుంది చూడండి, ఆ నెట్‌బాల్ ఆడే అమ్మాయి, తనతోనే మొదలు."

రెండో ఇంజెక్షన్ లేకపోతే ఆదాము మళ్లీ తోట పనికి వెళ్లలేడు. రాహేలమ్మకు అది తెలుసు.

మొదటి వారం అతను దిండు కొరుక్కుంటూ ఏడ్చాడు. చూడలేక ఆమె గుంటూరు నుంచి తెచ్చుకున్న మందుల సంచి విప్పింది. రోజుకో వాపు మాత్ర చెంచాతో నలిపి, పొద్దున్నే అతని కాఫీలో కలిపింది. తను పనిచేసే వృద్ధాశ్రమంలో ఒక్క మాత్ర ఇవ్వాలన్నా పేరు మూడుసార్లు సరిచూసుకునే మనిషి ఆమె.

అద్దం తలుపు అవతల ఆ అమ్మాయి ఫోన్ చూసుకుని నవ్వుతోంది.

"షీనా, నేనే..." అంటూ లేచింది రాహేలమ్మ.

"నేనే వేసుకున్నానమ్మా," అన్నాడు ఆదాము. "తొమ్మిది రోజులు. కాఫీతో."

రాహేలమ్మ నిలబడ్డచోటే ఆగిపోయింది. తొమ్మిది అని ఆమె ఎవరికీ చెప్పలేదు.

"సారీ అంకుల్, మీ ఫలితం ఇక లెక్కలోకి రాదు. రెండో ఇంజెక్షన్ ఇవ్వలేం," అని షీనా ఫైలు మీద అడ్డగీత గీసింది.

తిరుగుదారిలో రాహేలమ్మ కారు నడుపుతోంది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"మొదటి గుక్కకే. ఇరవయ్యేళ్లుగా నీ కాఫీ తాగుతున్నానే, చేదు తెలీదా?"

"మరెందుకు తాగారు?"

"నొప్పి తగ్గింది." అతను కిటికీలోంచి చూస్తున్నాడు. "పదో రోజు కాఫీ బాగుంది. ఆ రోజే ఏడుపొచ్చింది."

సంచిలో మాత్రలు అయిపోయిన రోజు అది.

తోట గేటు దగ్గర ఆపమన్నాడు. సీటు కింద నుంచి కొమ్మలు కత్తిరించే కత్తెర, దాని తోలు బెల్టు తీశాడు. ఆమె సాయానికి దిగబోతే చెయ్యెత్తి వద్దన్నాడు. కుంటుకుంటూ షెడ్డు దాకా నడిచి, తన పేరున్న మేకుకి బెల్టు తగిలించాడు. తర్వాత ఆ పేరు చీటీ పీకి జేబులో వేసుకున్నాడు.