కాచిన జలపాతం

రక్తం శుభ్రం చేసే మిషన్లున్న ఆ హాల్లో, సరిగ్గా రోగుల కళ్ళెదురుగా, ఎవరో పెద్ద జలపాతం బొమ్మ తగిలించారు. నల్లటి బండల మీంచి తెల్లగా దూకే నీళ్ళు, చుట్టూ చిక్కటి అడవి. దేశానికి ఉత్తరపు కొసన అది ఎక్కడుందో కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది. అక్కడ పడుకున్నవాళ్ళలో ఒక్కరికీ కడుపారా నీళ్ళు తాగే యోగం లేదు. కిడ్నీలు పనిచేయనివాళ్ళకి తాగిన నీళ్ళు ఒంట్లోనే నిలిచిపోతాయి. రోజంతటికీ ఒక చిన్న సీసా, అంతే.

"ఈ బొమ్మ పెట్టినవాడు దొరికితే గొంతు పిసికేస్తా," అనేవారు అక్కడ పడుకునే ఒక మాస్టారు. నర్సు నొచ్చుకుని, "తీసేయించమంటారా?" అని అడిగితే మాత్రం అందరూ ఒక్క గొంతుతో, "వద్దు, వద్దు!" అన్నారు.

ఆ హాల్లో ఏళ్ళ తరబడి ఆ బొమ్మ చూస్తూ పడుకున్నవాళ్ళలో ఒకాయన కళ్ళద్దాల దుకాణం నడిపేవాడు. అందరూ అద్దాలాయన అనేవారు. దుకాణానికి వెళ్ళినా ఆయనకి నీళ్ళ గోల తప్పేది కాదు. అద్దాలు అరగదీసే మిషన్ మీద, గాజు వేడెక్కకుండా, సన్నటి ధార పడుతూనే ఉంటుంది. "గాజుముక్కకున్న అదృష్టం కూడా నాకు లేదే," అని భార్యతో అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. ఆవిడే మొహం తిప్పుకునేది.

ఆయనకి కిడ్నీ ఇచ్చింది సొంత అక్క. ఆవిడ బడిబస్సు డ్రైవరు, పిల్లలంతా బస్సక్క అంటారు. పరీక్షలు చేసి సరిపోతుందని డాక్టరు చెప్పగానే, "రెండున్నాయి కదండీ, ఒకటి తీసుకోండి. బస్సులో స్పేర్ టైరు పెట్టుకునేది ఎందుకు?" అంది. ఆపరేషన్ బాగా జరిగింది. తమ్ముడి మంచం పక్కన నీళ్ళ గ్లాసు పెట్టి, "ఇక ఎంత తాగితే అంత మంచిది," అన్నారు. ఆయన ఆ గ్లాసు వంక చాలాసేపు చూసి, దొంగతనం చేస్తున్నవాడిలా ఒక్క గుక్క తాగి, మళ్ళీ కింద పెట్టేశాడట.

ఆ తర్వాత అక్కకి కృతజ్ఞత చెప్పుకోవాలని ఆయన ఎన్నిసార్లు నోరు తెరిచాడో లెక్కలేదు. "ఆపరా నీ ఉపన్యాసం, ముందు నా కళ్ళజోడు బిగించు," అనేది ఆవిడ. దూర ప్రయాణాలు చేయొచ్చని డాక్టర్లు అన్నాక ఆయన ఒకటే కోరాడు.

"అక్కా, ఆ బొమ్మలోది చూసొద్దాం. నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను."

"అంతదూరం నీళ్ళు చూడ్డానికా? మా ఇంట్లో కుళాయి కారుతూనే ఉంది, వచ్చి చూడు," అంటూనే సెలవు పెట్టేసింది.

దుకాణం చూసుకోవడానికి భార్య ఉండిపోయింది. బయల్దేరేముందు అక్క చేతులు పట్టుకుని, "వదినా, ఆయన్ని వాగుల్లో నీళ్ళు మాత్రం తాగనివ్వకండి. కిడ్నీ నిలవడానికి ఆ మందులు వాడుతున్నంతకాలం ఏ చిన్న పురుగు చేరినా ఒళ్ళు తట్టుకోలేదు," అంది. అక్క చిన్న గ్యాస్ స్టవ్వు, గిన్నె తీసి సంచిలో పెట్టుకుంది.

కారులో ఉత్తరానికి పోయేకొద్దీ ఊళ్ళు పలచబడ్డాయి, చెట్లు పొట్టివయ్యాయి. రోడ్డు ఆగిపోయినచోట ఒక చెక్క బస. దాన్ని చూసుకునే ముసలాయన అడవిలోకి దారి చూపించాడు. బురదనేల మీద వరసగా పరిచిన చెక్క పలకలు, ఆపైన రాళ్ళగుట్టలు.

పలకల మీద బాగానే నడిచారు. రాళ్ళు మొదలయ్యాక అక్క మోకాలు మొరాయించింది. జీవితమంతా సీట్లో కూర్చుని పనిచేసిన మనిషి. గుట్ట సగంలో నాచు పట్టిన బండ మీద కూలబడి, "నావల్ల కాదురా. నువ్వెళ్ళి చూసిరా. నేనిక్కడ దోమలతో కబుర్లు చెప్తుంటా," అంది.

"అక్కా, నేను..."

"వెళ్ళమన్నానా! లేకపోతే ఈ సంచి పెట్టి కొడతా."

ఆయన వెళ్ళాడు. కాసేపటికి నేలలోంచి వస్తున్నట్టుగా ఒక హోరు వినపడింది. ఇంకాస్త ముందుకి వెళితే మొహానికి చల్లటి తుంపర తగిలింది. ఎదురుగా పెద్ద బండ, దాన్ని చుట్టి తిరిగితే చాలు, జలపాతం. ఏళ్ళ తరబడి కలలు కన్నది అదే. అక్కడ ఆయన కాళ్ళు ఆగిపోయాయి. వెనక్కి తిరిగాడు.

తమ్ముణ్ణి చూడగానే అక్క, "అప్పుడే చూసేశావా? ఎలా ఉంది?" అంది.

"చూళ్ళేదు."

"అంటే?"

"నువ్వు లేకుండా చూడబుద్ధి కాలేదు. లే, నా భుజం పట్టుకో."

"పిచ్చివెధవా! అక్కడిదాకా వెళ్ళి..." అక్క తిట్లన్నీ వరసగా తిట్టింది. చిన్నప్పుడు తిట్టినవి కూడా కొన్ని గుర్తు తెచ్చుకుని మరీ తిట్టింది. ఆయన అవన్నీ అయ్యేదాకా చెయ్యి చాపుకుని నిలబడ్డాడు. ఆఖరికి ఆ చెయ్యి పట్టుకుని లేచింది.

రాయి రాయికీ ఆగుతూ, దిగేచోట కూర్చుని జారుతూ, ఒకసారి ఇద్దరూ కలిసి బురదలో పడి, పడ్డచోటే పొట్ట పట్టుకుని నవ్వి, మొత్తానికి ఆ పెద్ద బండ చుట్టూ తిరిగారు.

బొమ్మ అబద్ధం చెప్పలేదు గానీ సగమే చెప్పింది. ఆ జలపాతం మనం నిలబడ్డ నేలని కూడా వణికిస్తుందని ఎవరనుకున్నారు? నీళ్ళు పైనుంచి ఊడిపడుతున్నట్టుగా పడి, కింద పొగలా లేచి, మళ్ళీ ఏమీ జరగనట్టు గులకరాళ్ళ మీంచి సాగిపోతున్నాయి. మాట వినపడే చోటికి ఇద్దరూ కాస్త ఎడంగా వెళ్ళి కూర్చున్నారు. ఆయన గిన్నె తీసుకెళ్ళి అంచున ముంచాడు.

"ఏయ్! స్టవ్వు!" అని అరిచింది అక్క.

అంత దూరం వచ్చి, అంత నీటి పక్కన కూర్చుని, ఇద్దరూ గిన్నెడు నీళ్ళు కాచారు. గాలికి స్టవ్వు ఆరిపోతుంటే అక్క తన కోటు అడ్డం పెట్టింది. మరిగిన గిన్నెని మళ్ళీ వాగులోనే నిలిపి చల్లార్చారు. ఆయన గ్లాసులో పోసుకుని, ఆపకుండా తాగాడు. మళ్ళీ పోసుకున్నాడు. మూడో గ్లాసు సగంలో ఉండగా ఏడుపు వచ్చేసింది.

"థాంక్స్ అక్కా," అన్నాడు. "ఇది వద్దనకు. ఈ ఒక్కసారికి చెప్పనీ."

అక్క ఈసారి కసరలేదు. గులకరాళ్ళ వైపు చూస్తూ కూర్చుంది.

"మీ బావకి గుండెపోటు వచ్చినప్పుడు," అంది, "నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టార్రా. ఆయన చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. మీరు చెయ్యగలిగిందేం లేదన్నారు. నిజమే, ఏం లేదు. నీ జబ్బప్పుడు మాత్రం డాక్టరు నన్ను లోపలికి పిలిచి, మీరు చెయ్యగలిగింది ఒకటుందమ్మా అన్నాడు. ఆ మాట విన్నాక నేను బస్సు దాకా ఎలా నడిచానో నాకే తెలీదు. నువ్వు నాకు థాంక్స్ చెప్పడమేంట్రా. నువ్వు బతికావు. నేను చూస్తూ కూర్చోకుండా ఏదో చేశాను. నేనెవరికి చెప్పుకోవాలి?"

ఆయన మిగిలిన నీళ్ళు ఆవిడ గ్లాసులో పోశాడు. ఆవిడ చప్పరించి, "కాచినా బాగానే ఉన్నాయి," అంది.

తిరిగి బసకి చేరేసరికి అక్క మోకాలు గుమ్మడికాయలా వాచింది. ముసలాయన గుడ్డపట్టీ తెచ్చిచ్చాడు. మర్నాడు పొద్దున ఆవిడ ఆ కాలు స్టూలు మీద చాపుకుని, చేతిలో రొట్టెముక్కతో ముసలాయన్ని అడుగుతోంది.

"ఇక్కడికి దగ్గర్లో ఇలాంటిది ఇంకోటి ఉందా బాబాయ్? కారు వెళ్ళేదైతే మంచిది. మా తమ్ముడు చూడాలంటున్నాడు."

అద్దాలాయన కారు అద్దాలు తుడవడానికి బయటికి నడిచాడు.