నల్లతల పిట్ట

"ఇదిగో, కాఫీ సంగతి చూడు. పబ్లిషర్‌గారు వచ్చేశారు!" ముందుగదిలోంచి భర్త కేకేశాడు. ఆమె అప్పటికే పాలు పొయ్యి మీద పెట్టింది.

పాలు కాగేలోగా ప్రూఫు కాగితాలు తిరగేసింది. 'పాటపిట్టల శాస్త్రీయ నామాలు: పుట్టుక, అర్థం.' కింద ఆయన పేరు ఒక్కటే. కిందటి వారం ధైర్యం కూడదీసుకుని, "నా పేరు కూడా వేస్తే బాగుంటుందేమోనండీ" అని అడిగింది. ఆయన నవ్వాడు. "ముందుమాటలో రాస్తాలే," అన్నాడు. పక్కనే ఉన్న అత్తగారు, "మొగుడికి సాయం చేయడం కూడా ఒక పనేనా, దానికి మళ్ళీ పేరొకటా?" అంది.

ముందుమాట చివర వెతికితే దొరికింది. 'ఓపిగ్గా టైపు చేసిపెట్టిన మా శ్రీమతికి కృతజ్ఞతలు.' అక్కడా పేరు లేదు. ఆమెకు ఏడుపు రాలేదు. ఏడేళ్ళు. కాలేజీలో పాఠాలు చెప్పే ఆయనకు తీరిక లేదని, లాటిన్ నిఘంటువు ముందేసుకుని తనే కూర్చుంది. ఒక్కో పిట్టకు ఒక్కో అట్టముక్క. ఏ మాట ఎక్కడ పుట్టింది, ఎవరు ఎందుకు పెట్టారు, అన్నీ తన చేతిరాతే. నిఘంటువులో సగం పేజీలకు నూనె మరకలు. ఇంటికి ఎవరొచ్చి ఏ పిట్ట గురించి అడిగినా ఆయన వంటింటి వైపు తిరిగి కేకేస్తాడు, ఆమె జవాబు చెబుతుంది, ఆయన దాన్నే గొంతు సవరించుకుని మళ్ళీ చెబుతాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

చేయి నల్లతల పిట్ట పేజీ దగ్గర ఆగింది. సిల్వియా ఆట్రికాపిల్లా. మొదటి మాటకు అడవి, రెండోదానికి నల్లటి జుట్టు అని అర్థం. దాని కింద తను ఇంకో రెండు వాక్యాలు రాసింది: 'నల్లతల మగపిట్టదే, ఆడపిట్ట తల గోధుమరంగు. ఒకసారి అచ్చయిన పేరు తప్పని తెలిసినా మార్చరు కనుక, రెండున్నర శతాబ్దాలుగా ఆడపిట్ట తనది కాని పేరుతోనే బతుకుతోంది.' పేజీలో పట్టడం లేదని ఆయన ఆ రెండు వాక్యాలూ ఎర్రసిరాతో కొట్టేశాడు. చదివి కొట్టేసినట్టు కూడా లేదు. అది రాసిన మధ్యాహ్నం ఆమెకు గుర్తుంది. అన్నం మాడిపోయింది, దానికి వారం రోజులు మాటలు పడింది. ఆ మాడిన అన్నం గురించి మాత్రం ఇంట్లో అందరికీ ఇప్పటికీ గుర్తే.

పాలు పొంగాయి. స్టవ్ ఆపింది.

ముందుగదిలో పబ్లిషర్ గొంతు. "సార్, చిన్న సందేహం. నల్లతల పిట్ట అన్నారు. బొమ్మలో రెండు పిట్టలున్నాయి, ఒకదాని తల గోధుమరంగులో ఉందేమిటి? బొమ్మ తప్పా, పేరు తప్పా? రేపు అచ్చుకు పంపాలి."

పబ్లిషర్ తెచ్చుకున్న ఇంకో ప్రతిలో కాగితాలు తిప్పుతున్న చప్పుడు. ఒక దగ్గు. "అదా... అది చాలా ఆసక్తికరమైన విషయమండీ," అన్నాడు ఆయన, జవాబు తెలియనప్పుడల్లా అనే మాట. తర్వాత రావాల్సిన కేక రానే వచ్చింది. "ఏమేవ్! ఆ నల్లతల పిట్ట సంగతేమిటో పబ్లిషర్‌గారికి కాస్త చెప్పు!"

జవాబు నాలుక చివరే ఉంది, అక్షరం పొల్లుపోకుండా. ఆమె కాఫీ కలిపింది. రెండు కప్పులూ పళ్ళెంలో పెట్టుకుని ముందుగదిలోకి వచ్చి, బల్ల మీద ఉంచి, పబ్లిషర్ వైపు చూసి మర్యాదగా చెప్పింది.

"నాకేం తెలుసండీ? నేను టైపు చేసిపెట్టాను, అంతే. ముందుమాటలో ఆయనే రాశారు కదా."