ఖాళీగా మిగిలిన ఏడో గడి

షెడ్డు రేకుల కింద ఉపగ్రహాల సంకేతం అందదు. అందుకే విమానం రేడియోను టాబ్లెట్‌లోని దారి చూపే యాప్‌తో వైర్లెస్‌గా కలిపిన ప్రతిసారీ, రేడియో మెకానిక్ అయిన ఆమె యాప్‌ను ముందు 'అభ్యాసం' పద్ధతిలో పెట్టేది. అప్పుడు నిజం విమానం అంగుళం కదలకపోయినా, తెర మీది బొమ్మ విమానం గీసిన దారి వెంట తనంతట తాను సాగిపోతుంది. ఏ ఊరు దగ్గరపడితే ఆ ఊరి టవర్ ఫ్రీక్వెన్సీ తెర మీదికి వస్తుంది. వేలితో తాకితే రేడియోలోకి వెళ్తుంది. సరిగ్గా వెళ్తోందని తేలాక అభ్యాసం ఆపేయాలి. అది ఏడో మెట్టు.

ఆ మధ్యాహ్నం రెండో విమానానికి ఏడో మెట్టు ముగించి, నోటుబుక్కులో టిక్కు పెట్టబోయిన ఆమె చెయ్యి ఆగిపోయింది. పై వరస పొద్దుటి విమానానిది. ఆరు టిక్కులున్నాయి. ఏడో గడి ఖాళీ.

ముప్పయ్యేళ్లుగా ఆమె చేయకముందు టిక్కు పెట్టలేదు, చేశాక మానలేదు. కాబట్టి ఆ ఖాళీకి ఒకటే అర్థం: పొద్దున అభ్యాసం ఆపలేదు.

పొద్దున ఆరో టిక్కు పెడుతుండగా విమానాశ్రయం మేనేజరు వచ్చి నిలబడ్డాడు. "ఆ పలకకీ రేడియోకీ రాజీ కుదర్చడానికి ఇంకెంతసేపమ్మా? ఫొటోలవాళ్లు కాచుక్కూచున్నారు. కొత్త సౌకర్యం పక్కన మీరు నవ్వుతూ నిలబడాలి." ఆమె వెళ్లింది. నిలబడింది. నవ్వింది కూడా.

పొద్దున సిద్ధం చేసిన ఆ విమానం గాల్లోకి లేచి ఇప్పటికి ఇరవై నిమిషాలైంది. నడుపుతున్నది ఆమె చెల్లెలి కూతురు, ఇంట్లో అందరికీ పిట్ట. ఒక్కతే ఉంది. కొండల మీద మబ్బు కప్పేసింది. మబ్బు పైనుంచి వెళ్లి, కొండ దాటాకే కిందికి దిగాలి. పిట్ట దారి గీసుకుని లేచినప్పుడే తానూ కొత్తగా బయలుదేరిన బొమ్మ విమానం ఇరవై ఐదో నిమిషానికి కొండ దాటేస్తుంది. దానికి ఎదురుగాలి లేదు. పిట్టకు ఉంది. ఇరవై ఐదో నిమిషానికి పిట్ట కింద మబ్బు ఉంటుంది, మబ్బు కింద రాయి ఉంటుంది.

టవర్ మెట్లు ఆమె ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు.

"అన్నయ్యా, పిట్టని పిలు. దిగొద్దని చెప్పు."

టవర్‌లోని పెద్దాయన హెడ్‌ఫోన్ పక్కకు జరిపాడు. "మన ఫ్రీక్వెన్సీ వదిలి నాలుగు నిమిషాలైందమ్మా. అవతలి ఊరి టవర్‌కి మారుతున్నానంది. అప్పుడే అక్కడిదాకా వెళ్లిపోయిందా అనుకున్నాను."

"అనుకుని ఊరుకున్నావా!"

ఆయన అవతలి టవర్‌కి ఫోన్ చేశాడు. వాళ్లకు ఏ గొంతూ వినిపించలేదట. వినిపించదు, మధ్యలో కొండ ఉంది. ప్రమాదవేళల ఫ్రీక్వెన్సీలో మూడుసార్లు పిలిచాడు. గరగర తప్ప ఏమీ లేదు.

ఆమె గోడ గడియారం వైపు చూసింది. ఇరవై మూడో నిమిషం. చిన్నప్పుడు పిట్ట మంచం మీంచి దూకబోతే తను గౌను పట్టుకుని లాగేది. ఇప్పుడు లాగడానికేమీ లేదు.

ఇరవై నాలుగు.

స్పీకరు చిటపటలాడింది. "టవర్, మళ్లీ నేనే. అక్కడ ఎవరూ పలకట్లేదు. రేడియో నాబ్ చేత్తో తిప్పుకుని మీ దగ్గరికొచ్చా."

పెద్దాయన నోరు తెరిచేలోపే ఆమె మైకు లాక్కుంది. "పిట్టా, దిగకు!"

"పెద్దమ్మా? నువ్వెందుకున్నావక్కడ?"

"తర్వాత చెబుతా. కిందేం కనిపిస్తోంది?"

"మబ్బు. మ్యాపులో కొండ దాటేశాను, ఇప్పుడే దిగుదామని..."

"ఆ మ్యాపు అబద్ధం. అది నిన్ను చూడట్లేదు. అభ్యాసంలో ఉంది. నేనే ఆపలేదు."

పిట్ట గొంతు సన్నగా వచ్చింది. "అదే అనుకుంటున్నా, స్కేలు పెట్టి గీసినట్టు ఎగురుతున్నానేంటని. నేనెప్పుడు తిన్నగా వెళ్లాను పెద్దమ్మా?"

"జోకులు తర్వాత. టాబ్లెట్ ఆపెయ్. దిక్సూచి చూసుకుంటూ వెనక్కి తిరుగు. కిందికి మాత్రం రావద్దు."

"తిరుగుతున్నా."

మేనేజరు రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. పెద్దాయన రెండు ముక్కల్లో సంగతి చెప్పాడు. మేనేజరు ఒక్క క్షణం తెల్లబోయాడు, అంతే. ఆమె చంకలోని నోటుబుక్కు వైపు చూశాడు. "ఏమీ కాలేదుగా. ఆ గడిలో ఓ టిక్కు పెట్టేయండమ్మా. అడిగేవాళ్లెవరు?"

"నేను అడుగుతాను," అంది ఆమె.

కలం తీసి ఏడో గడిలో రాసింది: "చేయలేదు. తప్పు నాది. మేనేజరు ఫొటోకు పిలిస్తే పని సగంలో వదిలి వెళ్లాను." కింద సంతకం పెట్టింది. అక్షరాలు ఎప్పటిలాగే నిటారుగా వచ్చాయి. పుస్తకం అతని ముందు తెరిచి ఉంచి, తాను కిటికీ దగ్గర నిలబడింది.

పన్నెండు నిమిషాలు ఆకాశం వైపే చూసింది. పదమూడో నిమిషంలో, మబ్బుల అంచున, కొండల వైపు నుంచి ఇంజను చప్పుడు సన్నగా వినిపించింది. ఆమె కిటికీ చట్రం పట్టుకుని, చక్రాలు నేలను తాకేదాకా అలాగే నిలబడింది.