పడనివాటి జాబితా

వాన పడుతోంది. కిటికీ అద్దం మీద ఒక్కో చినుకూ జారి, పక్క చినుకును కలుపుకుని, కిందికి పోతోంది.

లోపలికి వాన చప్పుడు రావడం లేదు. తెల్లగుడ్డ పరిచిన బల్ల. ఇద్దరికి ఆరు గ్లాసులు. ఎక్కడి నుంచో సన్నగా పచ్చి బఠాణీల వాసన...

"ఇన్ని గ్లాసులు ఎవరు కడుగుతారే?" అంది వదిన.

ఆమె దిగులు ఆమెది.

పిట్ట నవ్వింది. పిట్టకిప్పుడు నలభై ఆరేళ్లు. కళ్లద్దాల దుకాణంలో రోజంతా ఎదుటివాళ్ల చూపు పరీక్షించే మనిషి. ఆ పేరు వదిన పెట్టిందే. కాపురానికి వచ్చిన కొత్తలో, తల్లి లేని ఆరేళ్ల ఆడపడుచును ఎత్తుకుని చూసి పెట్టింది. ఆ తర్వాత అసలు పేరుతో పిలిచింది బడిలో టీచర్లు మాత్రమే.

రేపు పొద్దున వదిన నాలుకకు ఆపరేషన్.

"ప్రాణానికి ఏ భయమూ లేదు," అంది మొన్న డాక్టరమ్మ. "రుచి సంగతే... ఉండొచ్చు, పోవచ్చు. ఇప్పుడే చెప్పలేను."

ఆ మాట విన్నప్పటి నుంచి పిట్టకు ముద్ద దిగలేదు. ఊరంతా వెతికి ఈ హోటలు పట్టుకుంది. కాలం మారినప్పుడల్లా ఇక్కడ వంటలు మారతాయట. ఒకదాని తర్వాత ఒకటిగా ఏడు వస్తాయట. ఒక్క మధ్యాహ్నంలో ఋతువంతా తెచ్చి నాలుక మీద పెడతారట.

ఇంతకన్నా ఏం ఇవ్వగలదు?

థాంక్స్ చెప్పాలని ఉంది. కానీ వదినకు థాంక్స్ ఎలా చెప్తారు? ఇంట్లోవాళ్లతో ఆ మాట అంటే పరాయివాళ్లను చేసినట్టుంటుంది. నలభై ఏళ్లుగా అది పిట్ట గొంతులో పచ్చి వెలక్కాయలా ఉండిపోయింది.

మొదటిది వచ్చింది. చల్లటి బఠాణీ సూపు, మధ్యలో మీగడ చుక్క. వదిన కప్పులో మీగడ లేదు.

రెండోది వచ్చింది. వెన్నలో వేయించిన పుట్టగొడుగులు. వదినకు మాత్రం వెన్న లేని క్యారెట్టు.

మూడోది — సొన వణుకుతున్న గుడ్డు. వదినకు ఉడికించిన బంగాళాదుంప.

"పళ్లెం చేటంత, కూర చిటికెడంత," వదిన గుసగుసలాడింది. "పంటి కిందికైనా వస్తుందంటావా?"

నలభై ఏళ్లు చొక్కాలకు కాజాలు కుట్టిన ఆ వేళ్లు ఫోర్కును సూదిలా పట్టుకున్నాయి. ఆ చిటికెడూ కళ్లు మూసుకుని నమిలింది. క్యారెట్టు ఇంత తియ్యగా ఉంటుందని ఇన్నాళ్లూ తెలీదే అంది. వడ్డించిన తల నెరిసిన ఆయనతో, "మీ కడుపు చల్లగా ఉండాలి బాబూ," అంది.

వదినకు ఒకరు వడ్డించగా పిట్ట చూడడం ఇదే మొదటిసారి.

నాలుగోది చేప. నిమ్మతొక్క వాసన. వదినకు కాలీఫ్లవర్ ముక్క.

వదిన తన పళ్లెం చూసుకోలేదు. చేపను చూసింది. ఒక్క క్షణమే... వెంటనే కిటికీ వైపు, వాన వైపు తల తిప్పేసుకుంది.

ఆ చూపు పిట్ట పట్టుకుంది.

"ఏంటి వదినా?"

"ఏం లేదే. వాసన బాగుంది. నువ్వు తిను, చల్లారిపోతుంది."

"నీకు చేప పడదు కదా?"

"ఎవరు చెప్పారు?"

"నువ్వే!"

వదిన ఫోర్కుతో కాలీఫ్లవర్ ముక్కను పక్కకు జరిపింది.

బల్ల కోసం ఫోన్ చేసిన రోజు వాళ్లు అడిగారు, మీకు పడనివి ఏమైనా ఉన్నాయా అని. పిట్ట తడుముకోకుండా చెప్పింది. వదినకు ఏం పడదో తనకు కాక ఎవరికి తెలుసు? మీగడ, వెన్న, గుడ్డు, చేప, పుట్టగొడుగులు, అక్రోట్లు... అవతలి మనిషి "అమ్మో" అన్నాడు కూడా.

చిన్నప్పుడు గిన్నెలో ఒకే ఒక్క గుడ్డు — నాకు పడదే పిట్టా, నువ్వు తిను.

గ్లాసెడు పాలు — నాకు పడవే.

ఒక్క చేప ముక్క — దద్దుర్లు వస్తాయే నాకు.

ఒక్కరికే సరిపోయేవి ఏవీ ఆమెకు పడలేదు.

ముగ్గురికి సరిపోయేవి అన్నీ పడ్డాయి.

తర్వాత రోజులు బాగుపడ్డాయి. ఫ్రిజ్ నిండింది. కానీ ఎవరూ మళ్లీ అడగలేదు. అన్నయ్య అడగలేదు. పిట్ట అడగలేదు. వదిన కూడా ఆడిన మాట మీదే నిలబడిపోయింది.

పిట్టకు ఒళ్లు మండింది, తన మీద తనకే. ఊరందరికీ కళ్లద్దాలు పెట్టింది! ఏరి కోరి ఇంత దూరం తీసుకొచ్చి, నోటి దగ్గరివన్నీ తనే తీయించేసింది. మూడు అప్పుడే అయిపోయాయి.

"ఏడుస్తావేంటే?" వదిన నవ్వింది. "చెప్పీ చెప్పీ నేనూ నమ్మేశాను. నిజంగానే పడదేమో అనుకున్నా."

పిట్ట పళ్లేలు మార్చేసింది.

తల నెరిసిన ఆయన కంగారుగా వచ్చాడు. "ఆగండమ్మా! ఆవిడకి చేప పడదని రాసుకున్నాం."

"పొరపాటు నాదండీ. ఆవిడకి పడనిది ఏదీ లేదు. నాకే... తెలీలేదు."

ఆయన ఇద్దరినీ చూశాడు. ఏమీ అడగకుండా వంటింట్లోకి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి చేతిలో పెద్ద పళ్లెం. మీగడ చుక్కతో సూపు. వెన్నలో పుట్టగొడుగులు. వణుకుతున్న గుడ్డు.

"గడిచిన కాలం తేలేం గానీ కూరలదేముంది, తెచ్చేస్తాం అన్నారు మా వంటాయన."

పిట్ట లేచి నిలబడి ఆయనకు దణ్ణం పెట్టింది.

వదిన తింది. సొన పెదవికి అంటింది, తుడుచుకోలేదు. చేపను చివరి ముక్క దాకా మెల్లగా నమిలింది. ఇంట్లో అన్నయ్య ఆసుపత్రి సంచి సర్దుతున్నాడు, తువ్వాలు మడవడం కూడా రాని మనిషి. ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు. బయట వాన. ఐదోది. ఆరోది.

ఏడోది తేనె, మీగడ, అక్రోట్లు. ఇద్దరి మధ్యా ఒకే పళ్లెం. చివరికి ఒక్క ముక్క మిగిలింది.

"నాకు పడదు," అంది పిట్ట.

"తాతకు దగ్గులు నేర్పుతున్నావా?"

వదిన ముక్కను విరిచింది. సగం పిట్ట నోట్లో పెట్టింది.

పిట్ట థాంక్స్ చెప్పలేదు. నోరు నిండా ఉంది.

పళ్లేలు తీయడానికి వచ్చిన ఆయన్ను వదిన అడిగింది. "ఇవన్నీ మళ్లీ ఎప్పుడు మారుస్తారు?"

"చలి మొదలవగానే అమ్మా. గుమ్మడికాయ, పియర్ పళ్లు, కొత్త తేనె..."

"అయితే ఇద్దరికి రాసుకోండి." వదిన పిట్ట చేతి మీద చెయ్యి వేసింది. "నాకు రుచి తెలిస్తే సరే. తెలీకపోతే ఇది తిని నాకు చెప్తుంది."

ఆయన రాసుకున్నాడు.

బయట వాన పడుతూనే ఉంది. ఇద్దరూ గొడుగు తెచ్చుకోలేదు. లేవనూ లేదు.