అందరికీ ఒకే మాత్ర

ఆ ఇంట్లో ఒకరు తుమ్మితే అందరూ మాత్ర మింగాల్సిందే. అత్తగారు రిటైరయ్యేదాకా ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసిన మనిషి. అక్కడ ఒక పిల్లకి కడుపు చెడితే గది మొత్తానికీ యాంటీబయాటిక్ వేయించేది. జబ్బు పాకకముందే దారి కాయాలని ఆవిడ పట్టుదల. ఉద్యోగం పోయినా పట్టుదల పోలేదు. కొడుకు, కోడలు, మనవరాలు వంటగది గుమ్మం దగ్గర వరసగా నిలబడి మాత్ర వేసుకోవాలి, నాలుక ఎత్తి చూపించాలి. "అటెండెన్సు అయిందా వార్డెనుగారూ?" అని కొడుకు నవ్వేవాడు. నవ్వుతూనే మింగేవాడు.

కోడలు ఇంట్లోనే బట్టలు కుడుతుంది. గుండుసూదులు పళ్ళమధ్య పట్టుకుని కొలతలు చెప్పే మనిషికి మాత్రను పై దవడకీ బుగ్గకీ మధ్య దాచడం ఒక లెక్కా? ఆ మాత్రలు ఆమెకు పడేవి కావు, వేసుకుంటే కడుపులో తిప్పేది. అత్తగారికి ఎదురు చెప్పడం అంతకంటే పడేది కాదు. అందుకని మిషను దగ్గరికొచ్చి ఒక గుడ్డపీలికలో ఉమ్మి చెత్తబుట్టలో పడేసేది.

ఈమధ్య అత్తగారికి పన్ను చీము పట్టింది. పళ్ళ డాక్టరు ఇచ్చిన మందు అయిపోయాక కూడా, మంచిదే కదా అని ఆవిడ తనంతట తనే ఇంకొన్నాళ్ళు పొడిగించుకుంది. ఆ వెనకే నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. మందు వాడితే తగ్గడం, ఆపగానే తిరగబెట్టడం. ఆవిడ నైటీలను కోడలు మళ్ళీ మళ్ళీ సైజు తగ్గించి కుట్టాల్సి వచ్చింది. ఇప్పుడు ఆసుపత్రి దుప్పటి కింద మనిషి ఉందా లేదా అన్నట్టుంది.

ఇంకోసారి తిరగబెడితే ఈ ఒళ్ళు తట్టుకోదని డాక్టరమ్మ కొడుకుని పక్కకు పిలిచి చెప్పింది. తర్వాత మంచం పక్కన కూర్చుని పెద్దావిడతోనే మాట్లాడింది.

"మీ హాస్టల్లో పడకలన్నీ పిల్లలతో నిండి ఉంటే దారినపోయేవాడికి చోటు దొరుకుతుందా అండీ? పేగులోనూ అంతే. మంచి బ్యాక్టీరియా నిండుగా ఉన్నన్నాళ్ళూ చెడ్డదానికి చోటూ ఉండదు, తిండీ ఉండదు. మాత్రలు మంచివాటిని ఖాళీ చేయించాయి. ఈ మొండిది వచ్చి పడకలన్నీ ఆక్రమించుకుంది."

ఆ పడకలు మళ్ళీ నింపాలంటే ఆరోగ్యంగా ఉన్న మనిషి మలం తీసుకుని, వడగట్టి, గొట్టంతో పేగులోకి పంపాలట. ఇంట్లో మనిషైతే త్వరగా అవుతుంది. కాకపోతే ఆ మనిషి కొన్ని నెలలుగా యాంటీబయాటిక్ ముట్టుకుని ఉండకూడదు.

కొడుకు తనే ఇస్తానని అనబోయి ఆగిపోయాడు. పోయిన నెలే తను దగ్గితే అందరికీ మాత్రలు పడ్డాయి. మనవరాలు మరీ చిన్నది, దానికీ పడ్డాయి.

"మా ఇంట్లో ఎవరూ మిగల్లేదమ్మా" అంది పెద్దావిడ కళ్ళు మూసుకుని. "దగ్గరుండి నేనే మింగించాను."

కోడలు మంచం దగ్గరికి జరిగింది. చెబితే ఇన్నేళ్ళ నాటకం బయటపడుతుంది. చెప్పకపోతే ఈ మనిషి దక్కదు.

"నేను మింగలేదు" అంది.

పెద్దావిడ కళ్ళు తెరిచింది. "నాలుక ఎత్తించి చూశాను కదే."

"బుగ్గలో పెట్టుకునేదాన్ని అత్తయ్యా."

"ఎప్పట్నించి?"

"కాపురానికొచ్చిన దగ్గర్నించీ."

పెద్దావిడ గోడవైపు తిరిగిపోయింది.

వరండాలో మొగుడు కోపంగా ఏమీ అనలేదు, అదే ఆమెకు కష్టంగా తోచింది. "ఇంకేం దాచావు నా దగ్గర?" అని మాత్రం అడిగాడు. చెప్పుకోదగ్గ రహస్యాలేవీ ఆమె దగ్గర లేవు. ఏమీ లేవని ఎంత మెల్లగా చెప్పినా ఇప్పుడు అది అబద్ధంలాగే వినిపిస్తుంది.

రక్తం, మలం పరీక్షల్లో ఆమెకు ఏ దోషమూ లేదని తేలింది. పెద్దావిడ మాత్రం సరేననలేదు. కొడుకు బతిమాలాడు, డాక్టరమ్మ నచ్చజెప్పింది. చివరికి పెద్దావిడే, పక్కబట్టలు మారుస్తున్న కోడలి చెయ్యి పట్టుకుని ఆపింది.

"నీది నాలో వెయ్యడం నాకు రోత కాదే. హాస్టల్లో పిల్లల పక్కలు నేనే ఉతికాను. కానీ దీనికి సరేనంటే ఆ మాత్రలు తప్పని ఒప్పుకున్నట్టే, మరి వాళ్ళకి నేను చేసిందేమిటి? అన్ని గదులు, అంతమంది పిల్లలు."

మంచికే చేశారు కదా అనబోయింది కోడలు. "నాకు తెలీదు అత్తయ్యా" అంది.

పెద్దావిడ ఆమె చెయ్యి వదల్లేదు.

"వాళ్ళల్లో కొందరైనా నీలా ఉమ్మేసి ఉంటారంటావా?"

"ఉండే ఉంటారు. ఆడపిల్లలు కదా, మీకు మాత్రం ఎలా తెలుస్తుంది."

"దొంగముండలు" అంది పెద్దావిడ, నీరసంగా. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వెళ్ళు. ఆ డాక్టరమ్మని రమ్మను."

నర్సు మూతున్న డబ్బా ఒకటి తెచ్చి కోడలి చేతికిచ్చింది. ఆమె దాన్ని కొంగులో దాచుకోబోయి, ఎందుకనో మానేసి, చేత్తోనే పట్టుకుని వరండా చివర బాత్రూమువైపు నడిచింది. బెంచీమీద కూర్చున్న మొగుడు కాళ్ళు వెనక్కి తీసుకుని దారిచ్చాడు. ఆమె మొహంలోకి చూడలేదు.