బాలింతకు ఇరవయ్యైదు లీటర్లు

గీజరు కొనడానికి వనపర్తి వెళ్లిన ఆ పొద్దున నా కాలు ఒకచోట నిలవలేదు. మర్నాడు మా సింధూజను దవాఖాన నుంచి ఇంటికి పంపుతారు. తొలి కాన్పు, పుట్టింటికే రావాలి. దాని అత్త జానకమ్మ మాత్రం దవాఖాన వరండాలో పదిమంది వినేట్టు మొదలుపెట్టింది. "అన్నా, మీ ఇంట్ల కట్టెల పొయ్యి. పిల్లకు అసలే ఆయాసం, పొగ పడదు. మా ఇంట్ల బటన్ ఒత్తితే వేడినీళ్లు. సీదా మా ఇంటికే తీస్కపోతం."

ఆమె అన్నది అబద్ధం కాదు. అందుకే నాకు మరీ మండింది. "రేపటికల్ల మా ఇంట్ల గూడ బటన్ ఉంటది" అనేసి వచ్చాను.

ఇంతియాజ్ దుకాణంలో గోడ నిండా తెల్లటి డబ్బాలే. అన్నిటికంటే చిన్నదాన్ని చూపించి ధర అడిగాను.

"మూడు వేల రెండొందలు. ఎవరికి కాకా?"

"బాలింతకు."

అతను దాన్ని పక్కకు పెట్టేశాడు. "ఇది చేతులు కడుక్కునేటందుకు. బాలింత తానమంటే నడుం మీద బిందెలకు బిందెలు పొయ్యాలె గద! ఇరవయ్యైదు లీటర్లది తీస్కో. మీది బోరు నీళ్లేనా, ఉప్పు పేరుకుంటదా?"

"పేరుకుంటది. బిందెలన్నీ తెల్లగైతయి."

"అయితే లోపల గాజు పూత ఉన్నది కావాలె. తొమ్మిది వేలు."

గంటసేపు బేరమాడాను. రెండుసార్లు దుకాణం దిగిపోయాను, పక్క దుకాణాల్లో అడిగి రెండుసార్లూ తిరిగొచ్చాను. ఈ లోపల నా భార్య హన్మమ్మ నాలుగుసార్లు ఫోన్ చేసింది. చివరికి మూడొందలు తగ్గించి, బిగించడం కూడా తన మీదే వేసుకున్నాడు ఇంతియాజ్. గెలిచినంత సంబరపడ్డాను.

మా ఇల్లు గోపాల్‌పేట దాటాక చేన్లోనే ఉంటుంది. సాయంత్రం నాలుగింటికి అతను వచ్చి డబ్బా బిగించాడు. ఎర్రదీపం వెలిగింది. మేం చాయ్ తాగుతూ కూర్చున్నాం. నేను మాత్రం ఐదు నిమిషాలకొకసారి లేచి నల్లా కింద వేలు పెట్టి చూస్తున్నాను. గంట దాటినా నీళ్లు గోరువెచ్చన దాటలేదు.

"ఖరాబు మాల్ అంటగట్టినవ్ గదరా నాకు!" అని అతని మీద ఎగిరాను.

ఇంతియాజ్ కప్పు కింద పెట్టి, సంచిలోంచి మీటరు తీసి ప్లగ్గులో పెట్టాడు. నూట నలభై వోల్టులు చూపించింది. "డబ్బాది తప్పు లేదు కాకా. రెండొందల ముప్పై ఉండాలె, నీకు కరెంటే సరిగ వస్తలేదు. బోరు మోటరు నడుస్తుందా?"

నడుస్తోంది. లో వోల్టేజీకి ఇప్పటిదాకా మూడు మోటర్లు కాలబెట్టుకున్నవాణ్ని నేను. దుకాణంలో లీటర్లు అడిగాను, ధర అడిగాను, ఈ ముక్క మాత్రం నా బుర్రకు తట్టలేదు. ఉరికి నా మోటరు బంద్ చేశాను. మీటరు నూట అరవై ఐదుకు ఎక్కి ఆగిపోయింది.

"ఇంకెవరిది ఉన్నది ఈ ట్రాన్స్‌ఫార్మర్ మీద?"

హన్మమ్మ నా మొహం చూసింది. ఇంకొక మోటరు పక్క చేను శంకరయ్యది. కింది మడికి నీళ్లు తీసుకుపోవడానికి నా చేనుకు అడ్డంగా పైపు వేసుకుంటానని అతను మూడేళ్ల కింద అడిగాడు. జానెడు కూడా తవ్వనియ్యనన్నాను. అప్పటి నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు.

అప్పుడే జానకమ్మ ఫోన్. "అన్నా, రేపు ఆటోను ఎటు రమ్మనాలె?"

"మా ఇంటికే" అన్నాను. అని చెప్పులు వేసుకుని నడిచాను. గట్టు పొడుగునా రెండుసార్లు ఆగాను. వెనక్కి పోదామని ఒకసారి తిరిగాను కూడా. అంత సిగ్గుగా ఉంది నాకు.

శంకరయ్య వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. నన్ను చూసి చెంబు కింద పెట్టాడు.

"పొద్దుగాల రెండు గంటలు నీ మోటరు బంద్ పెట్టాలె శంకరన్నా" అన్నాను. "బిడ్డ వస్తుంది. బాలింత తానానికి గీజరు పెట్టిన, వోల్టేజ్ చాలుతలేదు. ఇరవయ్యొక్క దినాలు."

అతను తువ్వాలుతో కాళ్లు తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడిచాడో!

"మరి నా పైపు?"

"ఏస్కో."

నేను బేరమాడతానని అతను ఎదురుచూశాడు. నేను ఇంటిదారి పట్టబోయాను.

"రేపే తవ్వుత మరి."

"తవ్వు."

మర్నాడు ఎనిమిదింటికి ఆటో మా వాకిట్లో ఆగింది. మనవరాల్ని నా చేతుల్లో పెట్టి సింధూజ స్నానానికి వెళ్లింది. స్నానాలగది కిటికీ నుంచి ఆవిరి పొగలు పొగలుగా వస్తోంది. మోటరు బంద్ పెట్టి ఖాళీగా ఉన్న శంకరయ్య నా చేన్లో దిగాడు. గడ్డపార దిగిన ప్రతిసారీ నా గుండెలో దిగినట్టే ఉంది. ఏడుపొచ్చినంత పనైంది.

"అమ్మా, మంచిగున్నయే. ఇంకో చెంబు పొయ్యి" అంది సింధూజ లోపలి నుంచి.

పిల్లను ఎత్తుకునే గట్టు మీదికి నడిచాను. పైపుకు తీసిన కాలువ జానెడు లోతు కూడా లేదు.

"ఇంక జర లోతుగ తవ్వు శంకరన్నా" అన్నాను. "దున్నేటప్పుడు నాగలికి తగుల్తది నీ పైపు."