గంజక్క ఒక్కతే కాదు

విచారణ హాల్లో బీమా కంపెనీ వకీలు పొద్దున్నుంచీ మాట్లాడుతూనే ఉన్నాడు. ఆస్పత్రుల ఖర్చులు పెరిగాయట, మందుల ధరలు మండిపోతున్నాయట, అందుకని ఆరోగ్య బీమా ప్రీమియం మరో సగం పెంచక తప్పదట. కంపెనీలు ఇష్టమొచ్చినట్టు పెంచకుండా చూడమని ప్రభుత్వం కూర్చోబెట్టిన అధికారేమో ప్రతి మాటకూ తల ఊపుతున్నాడు. వినండి, ఇదీ మనకు పెట్టిన కాపలా!

వెనక గోడ పొడుగునా లాండ్రీ పనివాళ్లు నిలబడ్డారు. ఆస్పత్రి దుప్పట్ల మీద నెత్తురు మరకలు వదిలించేది వీళ్లే. వీళ్లకు జబ్బు చేస్తే మాత్రం బీమా కార్డు లేనిదే ఆ గడప తొక్కనివ్వరు. గంజి తొట్టి దగ్గర పనిచేసే గంజక్క మొగుడు డయాలసిస్ మీద బతుకుతున్నాడు. ప్రీమియం పెరిగితే కట్టడం ఆమె వల్ల కాదు. కట్టకపోతే కార్డు పోతుంది, కార్డు పోతే మనిషే పోతాడు.

లాండ్రీలో వాళ్లకో పద్ధతుంది. యజమానితో ఏం తేల్చుకోవాలన్నా ఒక్కరే మాట్లాడతారు, మిగతావాళ్లు నోరు మెదపకుండా వెనక నిలబడతారు. తలా ఒక మాటంటే యజమాని విడదీస్తాడని దెబ్బలు తిని నేర్చుకున్నారు. ఇవాళ గంజక్కను ముందుకు తోశారు.

"సారూ, పోయినేడాదీ పెంచారు. మా జీతాలు పెరగలేదు. మళ్లీ పెంచితే మా ఆయన్ని ఇంట్లో పడుకోబెట్టి చావు కోసం ఎదురుచూడమంటారా?"

"సరేనమ్మా, కూర్చో." అధికారి గుమాస్తా వైపు తిరిగాడు. "ఒక్క అభ్యంతరం. మిగతావాళ్లు ఒప్పుకున్నారు. రాసుకో."

గంజక్కకు ఒళ్లు మండిపోయింది. "ఎవరు ఒప్పుకున్నారు? నేను అందరి తరఫునా చెప్పాను!"

"అలా కుదరదు. ఇక్కడ ఎవరి మాట వాళ్లదే. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే."

వకీలు నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు. ఇన్నేళ్లూ కాపాడిన పద్ధతే ఇవాళ కొంప ముంచింది. అందరి మాటా నా నోటితో పోగొట్టానే అని గంజక్కకు ఏడుపొచ్చింది.

అప్పుడు బాయిలర్ తాత ముందుకొచ్చాడు. "బాగా చెప్పారు బాబూ. ఎవరి మాట వాళ్లదేగా? నాకూ అభ్యంతరం ఉంది. మొదట్నుంచీ చెబుతా, తీరిగ్గా వినండి."

"తాత తర్వాత నేను," అంది ఇస్త్రీ పిల్ల. "వకీలుగారు ఎంతసేపు మాట్లాడారో నేనూ అంతసేపు మాట్లాడతా!"

ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. షిఫ్టు దిగినవాళ్లు కూడా తడి బట్టలతోనే వచ్చి నిలబడ్డారు. వరుస మెట్లు దిగి వీధిలోకి పాకింది.

"విచారణ ముగిసింది!" అధికారి కుర్చీ తోసి లేచాడు. "పోలీసుల్ని పిలవండి!"

పోలీసులొచ్చి తాతను రెక్కలు పట్టుకుని ఈడ్చుకుపోతున్నారు. "నాది ఇంకా అయిపోలేదు!" అని అరుస్తున్నాడు తాత. "అమ్మాయ్ గంజీ, వరుస చెదరనివ్వకు!"

గంజక్క కళ్లు తుడుచుకుని, లేవబోతున్న గుమాస్తా ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎక్కడికి నాయనా? కూర్చుని రాయి," అంది. "ఇస్త్రీ పిల్లా, నీ వంతు. గట్టిగా చెప్పవే, వీధిలోవాళ్లకూ వినబడాలి."